ఖబరస్థాన్ గోడ వెంట నందివర్ధనాలు

నర్సరీ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఈమధ్య మా ఇల్లు వెతుక్కుంటూ వస్తున్నారు. హార్టికల్చర్ డిప్లొమా చేసినవాళ్ళు కొందరు, వేరే ఉద్యోగం దొరక్క ఇటు తిరిగినవాళ్ళు కొందరు. కాసేపు కూర్చున్నాక అందరూ ఒకటే అడుగుతారు, నీడలో ఏడాది పొడుగునా పచ్చగా ఉండే మొక్కలేమిటో చెప్పమని. నేను పేర్లు చెబుతాను. వాళ్ళు ఫోన్లో ఎక్కించుకుని, టీ తాగి వెళ్ళిపోతారు. వాళ్ళు వెళ్ళాక ప్రతిసారీ అసలు సంగతి చెప్పలేదనిపిస్తుంది.

అది చెబుదామనే ఇది రాస్తున్నాను. నా పేరు నాంచారయ్య. మాది బంటుమిల్లి దగ్గర పల్లె. బందరులో ఒక నర్సరీలో చేరి, ఇళ్ళకీ ఆఫీసులకీ కాలేజీలకీ తోటలు వేయించే పనిలోనే తల నెరిసింది. మోకాళ్ళు మొరాయించాక మానేశాను. ఉద్యోగంలో ఎలా పైకొచ్చానో చెప్పడానికి ఏమీ లేదు. చేరినప్పుడు ఏ పని చేశానో మానేసేనాటికీ దాదాపు అదే చేశాను.

చోటు చూడనిదే మొక్క చెప్పొద్దు

నీడ అనే మాట ఒకటే గానీ నీడలు చాలా రకాలు. గోడ వెలుతురును మాత్రమే ఆపుతుంది. చెట్టు పైన వెలుతురును ఆపి, కింద వేళ్ళతో నీళ్ళు కూడా లాగేసుకుంటుంది. పొద్దుటెండ పడి మధ్యాహ్నానికి నీడ వచ్చే చోట హాయిగా ఉండే మొక్క, పడమటెండ కొట్టే చోట మాడిపోతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి జరిగితే, వేసవిలో ఎండ పడిన మూల చీకటిగా మారిపోతుంది. అందుకని ముందు ఆ చోటికి వెళ్ళి కూర్చోవాలి. ఒకసారి వెళ్ళి ఫోటో తీసుకొస్తే సరిపోదు. వేరే వేరే వేళల్లో వెళ్ళి చూడాలి.

మన డెల్టాలో ఇంకో చిక్కుంది. నల్లమట్టి. వాన పడితే నీళ్ళు తొందరగా దిగవు. బోరు వేస్తే బందరు చుట్టుపక్కల చాలాచోట్ల ఉప్పునీళ్ళే. ఎండలో ఉన్న మొక్క అయితే ఎక్కువైన నీళ్ళను ఎలాగో తాగేస్తుంది. నీడలో ఉన్నది తాగలేదు. నేను చూసినంతవరకు నీడలో వెలుతురు చాలక చచ్చిన మొక్కలు కొన్నే, జాలిపడి పోసిన నీళ్ళకు వేరు కుళ్ళి చచ్చినవి చాలా ఎక్కువ. వేలు మట్టిలోకి గుచ్చి చూసి, తడి తగలకపోతేనే పోయండి.

ఇంకొకటి. నీడ మొక్క నెమ్మదిగా పెరుగుతుంది. ఆఫీసుల్లో పెద్దలకు ఆ ఓపిక ఉండదు. ఎవరో పెద్దాయన వస్తున్నారు, ఆ రోజుకల్లా పచ్చగా కనబడాలంటారు. సూపర్వైజర్లు భయపడి, ఒకటి పెట్టాల్సిన చోట నాలుగు కుక్కేస్తారు. వచ్చిన పెద్దాయన చూసి వెళ్ళిపోతారు. ఆ తర్వాత గాలి ఆడక, పిండినల్లి పురుగు పట్టి, ఆకుల మీద మసి పేరుకుని, ఏడాది తిరక్కుండా అన్నీ పోతాయి. అలా పోయిన తోటలు నాకు లెక్కలేనన్ని తెలుసు.

వెంకటరత్నం గారు

మా యజమాని వెంకటరత్నం గారిది దివిసీమ. చిన్నతనంలో ఉప్పెన చూసిన మనిషి. అప్పుడు ఇంట్లో ఎవరెవరు పోయారో ఆయన ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు. మొక్కలంటే ప్రాణం. మనుషులు ఏమడిగినా కాదనలేకపోవడం ఆయన బలహీనత.

గుడివాడలో ఒక డాక్టరు గారు కొత్తగా ఆసుపత్రి కట్టుకున్నారు. దానికీ పక్కనున్న ఎత్తైన మేడకీ మధ్య సన్నటి ఖాళీ. డాక్టరు గారి భార్య అక్కడ గులాబీలు కావాలన్నారు. ఆ సందులోకి ఎండ దిగదని వెంకటరత్నం గారికి చూడగానే తెలుసు. అయినా సరేనన్నారు. గులాబీలు పోయాయి. క్రోటన్లు పంపారు. వాటి రంగులు వెలిసిపోయి, ఆకులు రాలి, పుల్లలు మిగిలాయి. ఆవిడ అడిగారని మళ్ళీ గులాబీలే పంపారు. అవీ పోయాక, మీ నర్సరీ మొక్కలు నాసిరకమని ఆవిడ ఫోన్ చేసి చెప్పారు. అప్పుడు ఆయన నన్ను వెంటబెట్టుకుని వెళ్ళారు. ఇక్కడ పూలు రావని, ఆకుల అందంతోనే సరిపెట్టుకోవాలని చెప్పి ఆరేలియా, డ్రసీనా పెట్టించాను. ఆవిడకు నచ్చలేదు. మొహం తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయారు. మొక్కలు మాత్రం బతికాయి.

తిరిగి వస్తూ పామర్రులో బస్సు మారాం. టీ తాగుతూ ఆయన నెమ్మదిగా అన్నారు, "ఆవిడ అంత ఇష్టంగా అడుగుతుంటే కాదనలేకపోయానయ్యా."

ఆయనతో అనని మాట ఇప్పుడు మీతో అంటున్నాను. బతకదని తెలిసిన మొక్కను అడిగారు కదా అని ఇవ్వడం మంచితనం అనిపించుకోదు. అది ఎండిపోయిన రోజున వాళ్ళు తమ చెయ్యి మంచిది కాదనుకుంటారు. చాలామంది ఆ తర్వాత మొక్క జోలికే వెళ్ళరు. మొదటిరోజే కుదరదని చెప్పి, వాళ్ళ మొహం చిన్నబోతుంటే చూస్తూ నిలబడాలి. ఈ ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా కష్టమనిపించింది అదే.

రజియా టీచర్

ఒక మధ్యాహ్నం నర్సరీకి ఒకావిడ వచ్చారు, వెంట మరిదితో. పేరు రజియా. ఒక బడిలో పిల్లలకు కుట్టుపని నేర్పే టీచర్. నీడలో పెరగాలి, ఎప్పుడూ ఆకు రాల్చకూడదు, మనిషెత్తు దాటాలి, అలాంటి మొక్క ఒకటి కావాలన్నారు. తమకేం కావాలో అంత స్పష్టంగా చెప్పేవాళ్ళు అరుదు. నేను మామూలుగా అడిగేవి అడిగాను. ఎండ ఏ వేళ పడుతుంది, వాన నీళ్ళు నిలుస్తాయా, మట్టి ఎలాంటిది.

"నేనెప్పుడూ ఆ చోటు చూడలేదండీ," అన్నారు.

మరిది కరీం అందుకుని చెప్పాడు. ఆవిడ భర్త గఫూర్ గిల్టు నగల పని చేసేవాడు. గుండెపోటుతో పోయి అప్పటికి ఏడాది కాలేదు. ఖబరస్థాన్‌లో రోడ్డు వైపు గోడ దగ్గర, పెద్ద నిద్రగన్నేరు చెట్టు నీడలో ఖననం చేశారు. వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు ఖబరస్థాన్ లోపలికి వెళ్ళే ఆనవాయితీ లేదు. టీచర్ గారు రోజూ బడికి ఆ గోడ పక్కనుంచే నడిచి వెళ్తారు. గోడ ఎత్తు. లోపల ఏమీ కనబడదు.

"గోడ మీదగా కనబడాలండీ," అన్నారు రజియా టీచర్. "అదిగో అక్కడున్నారు అనుకోడానికి నాకేదో ఒకటి ఉండాలి. ఎండిపోయేది మాత్రం ఇవ్వకండి."

ఆ ఆనవాయితీ మంచిదా కాదా అని తర్వాత నన్ను చాలామంది అడిగారు. అది నేను తేల్చేది కాదు. ఆవిడ నన్నడిగింది మొక్క. తోటపని చేసేవాళ్ళు జనం ఇళ్ళలోకీ వాళ్ళ కష్టాల్లోకీ చాలా దగ్గరగా వెళ్తారు. అడిగిన పని దాటి సలహాలివ్వడం మొదలుపెడితే ఆ ఇంట్లో మనకు చోటుండదు, ఉండకూడదు కూడా.

చోటు చూడకుండా ఏమీ చెప్పలేనన్నాను. మర్నాడు కరీం నన్ను తీసుకెళ్ళాడు.

హబీబ్ సాహెబు గారి షరతు

ఖబరస్థాన్ బాగోగులు చూసే పెద్దాయన హబీబ్ సాహెబు గారు. రిటైరైన లెక్కల మాస్టారు. మర్యాదగా కూర్చోబెట్టి, నేను చెప్పింది పూర్తిగా విన్నారు. విన్నాక కుదరదన్నారు. ఒక గోరీ దగ్గర మొక్క పెడితే రేపు ఇంకొకరు పెడతామంటారు, ఆ తర్వాత ఇంకొకరు చలవరాయి పరుస్తామంటారు. లోపల ఉన్నవాళ్ళంతా సమానంగా ఉండాలన్నది ఆయన పట్టుదల. కరీం బతిమాలాడు. ఆయన మెత్తబడలేదు. ఆయన భార్య గోరీ కూడా అక్కడే ఉందని, దానికి ఆయన ఏ గుర్తూ పెట్టించలేదని కరీం ఆ తర్వాత నాతో చెప్పాడు.

నేను లేచి గోడ వెంట నడిచి చూశాను. నిద్రగన్నేరు నీడ మరీ చిక్కనిది కాదు. ఆకుల సందుల్లోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా దిగుతోంది. గోడ మొదట్లో సమాధులు లేని సన్నటి పట్టీలాంటి నేల, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఉంది. అక్కడైతే ఎవరి మీదా తవ్వక్కర్లేదు. వెనక్కి వచ్చి, ఒక్కరి కోసమని కాకుండా గోడ పొడుగునా వరసగా పెడితే అభ్యంతరమా అని అడిగాను.

ఆయన గోడ వైపు చూశారు. "ఎవరి పేరూ ఉండదు కదా?"

"ఉండదండీ."

"అయితే పెట్టండి."

ఆ సంగతి చెప్పడానికి వెళ్తే రజియా టీచర్ మొహంలో వెలుగు పోయింది. "మరి వాటిల్లో ఆయన దగ్గరున్నది ఏదో నాకెలా తెలుస్తుందండీ?" అన్నారు. నిద్రగన్నేరు పెద్ద కొమ్మ గోడ దాటి రోడ్డు మీదికి వంగే చోటు గుర్తుపెట్టుకోమన్నాను, ఆయన సరిగ్గా దాని కిందే ఉన్నారని. తల ఊపారు గానీ ఆవిడకు తృప్తి కలగలేదు. వెంకటరత్నం గారు ఈ మాట విని, ఎవరికీ చెప్పకుండా ఆ ఒక్క చోట వేరే రంగు ఆకున్నది నాటేయమని నాతో అన్నారు. ఆవిడ మీద జాలితోనే అన్నారు. నేను నాటలేదు. హబీబ్ సాహెబు గారికి మాటిచ్చింది నేను.

పెట్టింది నందివర్ధనం. దాని ఆకు ముదురాకుపచ్చగా నిగనిగలాడుతుంది, ఏ కాలంలోనూ మొక్క బోడిగా కనబడదు. ఆకు తుంచితే పాలు కారతాయి కనక మేకలు దాని జోలికి పోవు. నల్లమట్టిలో గుంటలు తీయించకుండా, ఇసుకా పశువుల ఎరువూ కలిపిన మట్టితో కట్ట పోయించి దాని మీద నాటించాను. చెట్టు వేళ్ళను ఎక్కడా నరకనివ్వలేదు.

నీళ్ళే సమస్య అయింది. అక్కడి బోరు ఉప్పు. పక్కనున్న మసీదులో నమాజుకు ముందు చేతులూ కాళ్ళూ కడుక్కునే నీళ్ళు కుళాయివి, మంచినీళ్ళు. అవి డ్రైనేజీలోకి పోతుండేవి. వాటిని మొక్కలకు మళ్ళిద్దామన్న ఆలోచన హబీబ్ సాహెబు గారిదే. చిన్న కాలువ తీయించారు. తడి ఎక్కువ కాకుండా మధ్యలో ఒక రాతి పలక అడ్డం పెట్టి, అది తెరవడం మూయడం కరీం చూసుకున్నాడు.

కొంత కాలానికి చివుళ్ళు గోడ దాటాయి. ఆ రోజుల్లో ఒకసారి రజియా టీచర్ బడికి వెళ్తూ నాకు ఎదురుపడ్డారు. ఆ దారిన వెళ్ళే ఆడవాళ్ళు చాలామంది అక్కడ తలెత్తి చూస్తున్నారని చెప్పారు. ఎప్పుడో చిన్నప్పుడే పోయిన కూతురి కోసం ఒక ముసలామె రోజూ వచ్చి నిలబడుతోందట. "నేను నాకోసమే అడిగానండీ. వీళ్ళందరి సంగతీ నాకు తోచనే లేదు," అన్నారు. ఆ మాట ఆవిడ బాధగా అన్నారో ఊరటగా అన్నారో నాకు అర్థం కాలేదు.

చెట్టు విరిగాక

కొన్నేళ్ళకు వచ్చిన ఒక తుఫానులో నిద్రగన్నేరు నడుముకి విరిగింది. పైభాగం గోడ మీద పడి, గఫూర్ గోరీ ఉన్న చోట గోడను నేలమట్టం చేసింది. గోరీలకు ఏమీ కాలేదు. కొమ్మల కింద నలిగిన నందివర్ధనాలు పోయాయి. మిగిలినవాటి ఆకుల్ని ఉప్పుగాలి కమిలించింది. మబ్బు విడిచి ఎండ కాశాక అవి తెల్లబడి, అంచుల నుంచి మాడుతూ వచ్చాయి. నీడలో పుట్టిన ఆకు పల్చన. నడినెత్తి ఎండ దానికి అలవాటు లేదు.

వెంకటరత్నం గారు వచ్చి చూశారు. మొండిగా మిగిలిన చెట్టు దగ్గర నిలబడి, "పెద్ద చెట్టును నమ్ముకుని ఏమీ పెట్టకూడదయ్యా," అన్నారు. నర్సరీకి వెళ్ళాక, వీటిని పీకించేసి ఎండకు ఆగే కాగితంపూలు పెట్టించమన్నారు. అనుభవమున్న మనిషి మాట, తోసిపారేయలేం. హబీబ్ సాహెబు గారు నిర్ణయం నాకే వదిలేశారు.

మర్నాడు వెళ్ళి ఒక్కో మొక్క బెరడూ గోటితో గీరి చూశాను. చాలావాటికి లోపల పచ్చగా ఉంది. తలెత్తేసరికి గోడ కూలిన చోటుకి అవతల, రోడ్డు మీద, రజియా టీచర్ నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచి ఉన్నారో తెలియదు. ఆవిడ చూపు మొక్కల మీద లేదు. నా వెనక ఉన్న మట్టిదిబ్బ మీదా, దాని తలవైపు పాతిన చిన్న రాయి మీదా ఉంది. పెళ్ళాడి అన్నేళ్ళు కాపురం చేసిన మనిషి ఎక్కడ పడుకున్నాడో ఆవిడ చూడటం అదే మొదటిసారి. అడ్డం లేకుండా కొంచెం పక్కకు జరిగి నిలబడ్డాను.

కాసేపటికి ఆవిడే అడిగారు, "బతుకుతాయా అండీ?"

గీరిన కొమ్మను వంచి చూపించాను. "చాలావరకు బతుకుతాయమ్మా. కొన్ని పోతాయి."

ఆవిడ సరేనని బడి వైపు నడిచారు.

ఎవరికైనా ఇలాంటి పరిస్థితి వస్తే మొదట చేయవలసింది ఆగడం. మాడిన ఆకుల్ని నేను వెంటనే తుంచనివ్వలేదు, వాటి చాటునే కొత్త చిగురు వస్తుంది. పడమటి వైపు తాటాకు తడికలు నిలబెట్టించాను. మొదళ్ళలో వరిగడ్డి పరిపించాను. చలి మొదలయ్యాక కొమ్మల్ని సగానికి కత్తిరించాను. చిగుళ్ళు వచ్చాయని సంబరపడి తడికలన్నీ ఒకేసారి తీసేయలేదు. కరీం వాటిని కొంచెం కొంచెంగా జరుపుతూ వచ్చాడు. కొత్త ఆకు పాతదానికన్నా చిన్నదిగా, దళసరిగా వచ్చింది. అది ఎండలోనే పుట్టింది కనక ఎండకు నిలిచింది. ఆ చలికాలమంతా కొన్ని మొక్కలు పుల్లల్లా నిలబడి, చచ్చాయో బతికాయో చెప్పకుండా నన్ను విసిగించాయి. వాటిలో కొన్ని నిజంగానే పోయాయి. ఆ ఖాళీల్లో కొత్తవి పెట్టాం.

గోడ మాత్రం కట్టలేకపోయారు. ఊళ్ళో ఇళ్ళే కూలినప్పుడు గోడ సంగతి ఎవరికి పడుతుంది. మొక్కలు కురచగా ఉన్నన్నాళ్ళూ రోడ్డు మీద నుంచి లోపల కనబడుతూనే ఉంది. రజియా టీచర్ రోజూ అక్కడ ఆగేవారు. ఎవరూ ఆవిడను ఏమీ అనలేదు. ఆ వేళకు హబీబ్ సాహెబు గారు అటువైపు వస్తే, ఆవిడను చూసి, వెనక్కి తిరిగి మసీదులోకి వెళ్ళిపోయేవారు.

ఏ ఎత్తున ఉంచాలి

మళ్ళీ వానలు పడేసరికి మొక్కలు పుంజుకున్నాయి. ఒకరోజు హబీబ్ సాహెబు గారు నన్ను పిలిపించారు. గోడ పడిన చోటునుంచి పశువులు లోపలికి వచ్చి గోరీలు తొక్కుతున్నాయని, ఆ ఖాళీ మేరకు ఇనుప తీగ లాగి నందివర్ధనాన్నే గోడలా ఒత్తుగా పెంచమని అడిగారు. ఆయన అడిగింది సబబే. కానీ అలా పెరిగితే లోపల కనబడదు. మోకాలెత్తున కత్తిరిస్తూ ఉంటే కనబడుతుంది, పశువులు ఆగవు. ఏ ఎత్తున ఉంచాలన్నది చూడబోతే నా చేతిలో పనే. నాకు మాత్రం అది తేల్చే హక్కు నాది కాదనిపించింది. ఆయనకు అదే చెప్పాను.

"వెళ్ళి అడిగి రండి," అన్నారు. "ఆ అమ్మాయి కనబడాలంటే, పశువుల సంగతి నేను చూసుకుంటాను."

బడికి వెళ్ళాను. పిల్లలు ఆడుకుంటున్నారు. వరండాలో నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పాను, హబీబ్ సాహెబు గారి మాటతో సహా. మీరేది చెబితే అది చేస్తానన్నాను.

రజియా టీచర్ చేతిలో సగం కుట్టిన చిన్న గౌను ఉంది. దాన్ని మడతపెట్టారు, విప్పారు, మళ్ళీ మడతపెట్టారు.

"చెట్టు పడేదాకా నాకో భయం ఉండేదండీ," అన్నారు. "ఎలాంటి చోట పెట్టారో, నీళ్ళు నిలుస్తున్నాయో, ఎవరైనా తొక్కుతున్నారో అని. అడిగితే మా కరీం బాగానే ఉంది వదినా అనేవాడు. నా మనసు కోసం చెప్తున్నాడనుకునేదాన్ని. ఇప్పుడు నేనే చూశాను కదండీ. మంచి చోటే."

ఆవిడ ఆ గౌనును చంకన పెట్టుకున్నారు.

"అక్కడ పశువులు తిరక్కూడదండీ. పెరగనివ్వండి," అన్నారు. "ఇంక కత్తిరించకండి."

గంట కొట్టారు. పిల్లలు లోపలికి పరుగెత్తారు. ఆవిడ వాళ్ళ వెనకే తరగతిలోకి వెళ్ళిపోయారు.

ఆ పూటే తీగ కట్టించాను. లేత కొమ్మల్ని దాని మీదికి వంచి, గుడ్డ పీలికలతో వదులుగా ముడివేశాను. ఆ వానాకాలం ముగిసేసరికి ఆకు పూర్తిగా కమ్ముకుంది. ఇప్పుడు రోడ్డు మీద నుంచి లోపల ఏమీ కనబడదు. నేను అటుగా వెళ్ళినప్పుడు అప్పుడప్పుడు రజియా టీచర్ ఎదురవుతారు. ఆ చోటుకి వచ్చేసరికి నడక కొంచెం నెమ్మది చేస్తారు. ఆగరు.